విశ్వవిద్యాలయ వాహనములు: ఎవరు, ఎందుకు, ఎట్లు వాడవలెను?

రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీపు మీ ఊరికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చియే యుండును. వరికి దోమ పట్టినపుడు శాస్త్రజ్ఞులను తెచ్చినది ఆ జీపే. మీ చెలకలలోని మట్టి నమూనాలను పరీక్షకు మోసికొనిపోయినదియు అదే. దానిలో డ్రైవరు సీటు దగ్గర అట్ట నలిగిన పుస్తకమొకటి ఉండును. దానిని లాగ్ పుస్తకమందురు. జీపు కదలిన ప్రతిసారి అందులో ఒక వరుస వ్రాయవలెను.

ఉద్యోగులు వాహనము వాడుకొను నియమములతో మాకేమి పని అని రైతు సోదరులు అనుకొనవచ్చును. పని ఉన్నది. ఆ జీపునకు పోయు డీజిలు ప్రజల డబ్బుతో కొన్నది. ఆ జీపు మీ ఊరి బాటలో, మీ పిల్లలు నడచు దారిలో తిరుగుచున్నది. ఒక్కొక్కప్పుడు మీరే దానిలో ఎక్కుచున్నారు. ఏదైన ప్రమాదము జరిగినపుడు పరిహారము దొరకుట, దొరకకపోవుట ఈ నియమములపై చాలవరకు ఆధారపడి యుండును. గ్రామోద్యోగుల మాట సరే సరి; క్షేత్ర సందర్శన జరిగినదని సంతకము చేయువారు వారే.

కార్యాలయమునకు, కార్యాలయమునకు ఉత్తర్వులలో కొద్దిపాటి భేదములుండవచ్చును. మూలసూత్రములు మాత్రము అన్నిచోట్ల ఒక్కటే. వాటిని ఈ వ్యాసములో వివరింతుము.

వాహనము ఎవరిది?

హైదరాబాదులో ప్రజాధనముతో బండ్లు నడుపుట కొత్త గాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో పని ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో రాజేంద్రనగరములో ఏర్పడినది. రాష్ట్ర విభజన తరువాత 2014 నుండి అది తెలంగాణకు వేరు విశ్వవిద్యాలయమై, ఆచార్య జయశంకర్ పేర నడుచుచున్నది. పరిశోధన కేంద్రములు, కృషి విజ్ఞాన కేంద్రములు జిల్లాలలో విస్తరించినవి. పొలము దగ్గరకు పోవలెనన్న వాహనము కావలెను.

విశ్వవిద్యాలయము వాడు వాహనములు మూడు రకములుగా ఉండవచ్చును. ప్రభుత్వమునకు చెంది, పనికొరకు అప్పగింపబడినవి కొన్ని. విశ్వవిద్యాలయము తన నిధులతో కొన్నవి కొన్ని. నెలకింత అని కిరాయికి తీసికొన్నవి కొన్ని. పైకి అన్నియు ఒక్కటిగనే కనబడును. కాని రిజిస్ట్రేషను పత్రములో యజమాని పేరు ఎవరిదో చూచిన గాని బాధ్యత ఎవరిదో తెలియదు.

ఒక ముఖ్యమైన భేదమును గమనింపుడు. 1988 మోటారు వాహనముల చట్టములోని 146వ సెక్షను ప్రకారము కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల స్వంత వాహనములను వ్యాపారముతో సంబంధము లేని ప్రభుత్వ పనికి వాడినపుడు తప్పనిసరి బీమా నుండి మినహాయింపు కలదు. నష్టపరిహారమును ప్రభుత్వమే తన ఖజానా నుండి ఇచ్చుకొనగలదని దీని అర్థము. విశ్వవిద్యాలయము చట్టము ద్వారా ఏర్పడిన వేరు సంస్థ. దాని పేర రిజిస్టరైన వాహనమునకు ఈ మినహాయింపు దానంతట రాదు. బీమా ఉండి తీరవలెను. "సర్కారు బండికి బీమా ఎందుకు" అని ఊరుకొనుట పెద్ద పొరపాటు. బీమా గడువు ఏనాటితో తీరునో లాగ్ పుస్తకము మొదటి పుటలోనే వ్రాసియుంచుట మంచి అలవాటు.

ఏది కార్యాలయపు పని, ఏది సొంత పని?

ఇది చెప్పుటకు తేలిక, పాటించుటకు కష్టము. ఒక ఉదాహరణ తీసికొందము.

ఒక ఉద్యోగి విశ్వవిద్యాలయమునకు సంబంధించిన దావా కాగితములతో పాతబస్తీలోని హైకోర్టుకు పోవలసియున్నదనుకొందము. రాజేంద్రనగరము నుండి ఆరాంఘర్, జూపార్కు, బహదూర్‌పుర మీదుగా మూసీ ఒడ్డుకు దారి. 2025 జనవరిలో ఆరాంఘర్ నుండి జూపార్కు వరకు పైవంతెన తెరచిన తరువాత ఈ ప్రయాణము సులువైనది. హైకోర్టులో పని ముగిసినది. ఇంతవరకు అంతయు కార్యాలయపు పనియే.

హైకోర్టు నుండి మదీనా కూడలి ఎంతో దూరము లేదు. అది దాటిన పత్తర్‌గట్టి బట్టల దుకాణములు, ఆపైన చార్మినారు, ప్రక్కనే లాడ్‌బజారు గాజుల అంగళ్లు. ఇంటిలో పెండ్లి ఉన్నది. "ఎట్లును ఇంతదూరము వచ్చితిమి, ఒక గంట ఆగి బట్టలు చూచుకొని పోదము" అని ఉద్యోగికి తోచును. అదనముగా నడచునది ఒక కిలోమీటరే గదా అని మనసు సమాధానము చెప్పును. సరిగా ఇక్కడనే కార్యాలయపు పని ముగిసి సొంత పని మొదలైనది. దూరము ఎంత అన్నది ప్రశ్న కాదు. ఎవరి పని అన్నదే ప్రశ్న. ఆ గంటసేపు రాజేంద్రనగరములో మరియొక శాస్త్రజ్ఞుడు పొలమునకు పోవుటకు బండి లేక కూర్చుండవచ్చును. కాయతొలుచు పురుగు మన బండి కొరకు ఆగదు.

అదే వాహనము కూరగాయలలో పురుగుమందుల అవశేషములను పరీక్షించుటకు మీరాలం మండీ నుండి నమూనాలు తెచ్చుటకు పోయినచో, అంగడిలో రెండు గంటలు ఆగినను అది కార్యాలయపు పనియే. అంగడి ఒక్కటే అయినను పని వేరు.

ఈ సూత్రమును బట్టి ఈ క్రిందివి సాధారణముగా సొంత పనులుగనే ఎంచబడును:

(1) ప్రత్యేక అనుమతి లేకుండ ఇంటి నుండి ఆఫీసుకు, ఆఫీసు నుండి ఇంటికి తిరుగుట.
(2) పిల్లలను బడికి దింపుట, ఇంటి సరుకులు తెచ్చుట.
(3) పెండ్లిండ్లు, జాతరలు, తీర్థయాత్రలు.
(4) కార్యాలయపు ప్రయాణములో కుటుంబమువారిని వెంట తీసికొనిపోవుట.
(5) సెలవు దినములలో వ్రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండ బండి బయటకు తీయుట.

కొన్ని కార్యాలయములలో అరుదుగా, ముందు అనుమతి పొంది, కిలోమీటరుకు ఇంత చొప్పున రుసుము కట్టి సొంతమునకు వాడుకొను వీలు ఉండును. అట్టి వీలున్నచోట కూడ ముందు అనుమతి, వెంటనే చెల్లింపు, పుస్తకములో "సొంత పని" అని స్పష్టమైన వ్రాత, ఈ మూడును ఉండవలెను. వాడిన తరువాత అనుమతి అడుగుట అనుమతి కాదు.

లాగ్ పుస్తకము వ్రాయు విధము

పూర్వము పట్వారి పహాణీలో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో పొలము చూచి వ్రాయవలెనని నియమము. ఇంట కూర్చుండి వ్రాసిన పహాణీ ఎన్ని తగాదాలు తెచ్చినదో మీకు తెలియును. లాగ్ పుస్తకమును అట్టిదే. ప్రయాణము ముగిసిన వెంటనే వ్రాయవలెను. నెలాఖరున జ్ఞాపకము తెచ్చుకొని ఒక్కమారు నింపిన పుస్తకము ఉన్నను లేనట్లే.

ఒక వరుసలో ఉండవలసినవి ఇవి: తేదీ, బయలుదేరిన వేళ, తిరిగి వచ్చిన వేళ, బయలుదేరినపుడు మీటరు అంకె, వచ్చినపుడు మీటరు అంకె, ఎక్కడ నుండి ఎక్కడకు, ఏ దారిన, ఏ పని మీద, ఎవరెవరు ఎక్కిరి, పోసిన డీజిలు ఎన్ని లీటర్లు, చివరకు వాడుకొన్న అధికారి సంతకము. పని అన్నచోట "ఆఫీసు పని" అని వ్రాయుట చాలదు. "హైకోర్టులో కాగితములు దాఖలు" అనియో, "ఫలానా గ్రామములో కందిచేల పరిశీలన" అనియో వ్రాయవలెను.

నెల ముగిసిన తరువాత లెక్క చూడవలెను. ఒక జీపు లీటరుకు 12 కిలోమీటర్లు నడచుననుకొందము. పుస్తకము ప్రకారము నెలలో 1,440 కిలోమీటర్లు తిరిగినది. అనగా 120 లీటర్లు చాలవలెను. బిల్లులలో 150 లీటర్లు కనబడుచున్నవి. మిగిలిన 30 లీటర్లు 360 కిలోమీటర్ల ప్రయాణమునకు సమానము. హైదరాబాదు నుండి వరంగల్లుకు పోయి వచ్చినను ఇంకను మిగులు దూరమది! ఇంజను చెడియుండవచ్చును, టైర్లలో గాలి తక్కువ ఉండవచ్చును, డీజిలు ప్రక్కదారి పట్టియుండవచ్చును, లేదా వ్రాయని ప్రయాణములుండవచ్చును. నేరము మోపుటకు ముందు బండిని పరీక్ష చేయింపవలెను. కాని కారణము కనుగొనక విడువరాదు. కాలువ తల దగ్గర వదలిన నీరు చివరి మడికి చేరకున్నచో గండి ఎక్కడ పడినదో వెదకరా? ఇదియు అంతే.

మీటరు చెడినచో ఆ రోజే వ్రాసి, మరమ్మతు చేయింపవలెను. నెలల తరబడి మీటరు చెడియున్న బండిని ఎంత వాడిరో చెప్పుట ఎవరితరము?

ఉదయపూరు జీపు

ఈ వ్రాతలు వట్టి కాగితపు పనులు కావని తెలుపు సంఘటన ఒకటి రాజస్థానములో జరిగినది. 1952 ఫిబ్రవరిలో ఉదయపూరు కలెక్టరు వాడుకకు ఉంచిన ప్రభుత్వ జీపును మరమ్మతు చేయించి, డ్రైవరు వర్క్‌షాపు నుండి వెనుకకు తెచ్చుచుండెను. అజాగ్రత్తగా నడిపి, దారి ప్రక్క నడచుచున్న ఒకనిని గుద్దెను. అతడు ఆసుపత్రిలో మరణించెను. అతని భార్య విద్యావతి, చిన్న కుమార్తె దిక్కులేనివారైరి.

వారు డ్రైవరు మీదను, రాష్ట్ర ప్రభుత్వము మీదను దావా వేసిరి. ప్రభుత్వము తనకు బాధ్యత లేదని వాదించినది. జిల్లా కోర్టు ప్రభుత్వముపై దావాను కొట్టివేసినది. హైకోర్టు ప్రభుత్వమును బాధ్యునిగా చేసి 15,000 రూపాయలు ఇవ్వవలెనన్నది. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయినది. ఉద్యోగి పనిలో ఉండి చేసిన తప్పునకు సాధారణ యజమాని ఎట్లు బాధ్యుడో, ప్రభుత్వమును అట్లే బాధ్యురాలని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి ఆయన చనిపోయి పది ఏండ్లు గడచినవి.

ఈ తీర్పునకు ఆధారమేమి? డ్రైవరు ఆ సమయమున తన ఉద్యోగపు పనిలో ఉన్నాడు. బండి సొంత పని మీద పోయియున్నచో? 1966లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మరియొక దావాలో, డ్రైవరు తన యజమాని టాక్సీని లైసెన్సు పరీక్ష కొరకు వేరొకని చేతికి ఇచ్చెను. ప్రమాదములో ఒకరు కాలు పోగొట్టుకొనిరి. అది యజమాని పని కాదని, యజమాని బాధ్యుడు కాడని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. తరువాతి తీర్పులలో యజమానుల బాధ్యత విస్తరించినది. అయినను వాదమునకు చోటు మిగిలియే ఉన్నది. వాదము సాగినంత కాలము బాధితుని ఇంట పొయ్యి వెలుగదు.

లాగ్ పుస్తకములోని ఒక్క వరుస విలువ ఇప్పుడు తెలిసినది గదా. ఆ వరుస నిజమైనచో ప్రమాదమునకు గురియైనవానికి అది సాక్ష్యము. డ్రైవరునకు అది రక్షణ.

లిఫ్టు అడుగుట, సరుకు వేయుట

మన పల్లెలలో ఈ సంభాషణ తరచుగా వినబడును.

"తమ్మీ, బండి ఖాళీగనే పోతున్నది గద. నా నాలుగు టమాట డబ్బాలు మండీ దాక ఏసుకపో."

"వద్దు కాకా. నీ సరుకు ఏసుకుంటె తొవ్వల ఏమన్న అయితే నీకు పైస రాదు, నాకు నౌకరి ఉండది."

డ్రైవరు గర్వముతో అన్న మాట కాదు, ఉన్నమాట. బీమా పత్రము ఎవరిని కాపాడునో వారినే కాపాడును. సరుకు మోయు వాహనములలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారమివ్వ నక్కరలేదని 2002లో ఆశారాణి దావాలో సుప్రీంకోర్టు చెప్పినది. 1994లో చట్టమును సవరించి, సరుకు వాహనములో తన సరుకుతో పోవు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ కల్పించిరి. అంతకుమించి ఎక్కినవారికి ఆ రక్షణ లేదు. సామగ్రి తెచ్చిన లారీలోను, ట్రాక్టరు ట్రాలీలోను పదిమంది ఎక్కి కూర్చుండు అలవాటును రైతు సోదరులు మానుట మంచిది.

క్షేత్ర దినోత్సవమునకో, శిక్షణకో విశ్వవిద్యాలయమే రైతులను తీసికొనిపోవుట వేరు. అపుడు అనుమతి ఉత్తర్వు ఉండవలెను. ఎక్కినవారి పేర్లు ముందుగా వ్రాయవలెను. వాహనము మనుషులు కూర్చుండుటకు తగినదై యుండవలెను. సీట్లకు మించి ఎక్కింపరాదు. "నా పేరు వ్రాసినారా?" అని అడుగుట మీ హక్కు.

ఆపద వచ్చినపుడు

నియమములు ఇంత గట్టివైనచో, దారిలో రక్తము కారుచున్న మనిషి కనబడినను బండి ఆపరాదా అని మీరడుగవచ్చును. ఆపవలెను. ముందుగా 108కి ఫోను చేయవలెను. అంబులెన్సు సకాలములో రాదని తోచినచో బండిలోనే ఎక్కించి దగ్గరి ఆసుపత్రికి చేర్చవలెను. పాతబస్తీ దారిలో నొప్పులు పడు స్త్రీ కనబడినచో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి చేర్చుటకు ఏ అధికారి అనుమతి కొరకు వేచియుండ నక్కరలేదు. గాయపడినవానికి సదుద్దేశముతో తోడ్పడినవారికి 2019 సవరణ ద్వారా చట్టము రక్షణ కల్పించినది.

తరువాత చేయవలసినది ఒక్కటే. ఉన్నది ఉన్నట్లు పుస్తకములో వ్రాసి, అధికారికి తెలుపవలెను. దారి మళ్ళిన చోటు, వేళ, కారణము, మీటరు అంకె వ్రాసిన చాలును. నియమము దయను నిషేధింపదు; దాచుటను నిషేధించును.

ప్రమాదము జరిగినచో

డ్రైవరు బండి విడిచి పారిపోరాదు. గాయపడినవారికి వైద్యము అందునట్లు చూడవలెను. వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండ, దగ్గరి పోలీసు స్టేషనులో తెలుపవలెను. బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఇవి చట్టములోని 134వ సెక్షను విధించిన కర్తవ్యములు. తమ అధికారికి వెంటనే తెలుపుట, లాగ్ పుస్తకమును భద్రపరచుట కూడ అవసరము. జరిగిన తరువాత వరుసలు చెరుపుట, దిద్దుట మరింత పెద్ద తప్పు.

బాధితులు మోటారు వాహన ప్రమాద పరిహార ట్రిబ్యునలులో దరఖాస్తు చేసికొనవలెను. ప్రమాదము జరిగిన 6 నెలలలో దరఖాస్తు వేయవలెనను నిబంధన 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున ఆలస్యము తగదు. బండి నంబరు, చోటు, వేళ, చూచినవారి పేర్లు ఆనాడే వ్రాసిపెట్టుకొనుడు.

మరికొన్ని సంగతులు

బండి మీద ప్రభుత్వ వాహనమని బోర్డు ఉన్నంత మాత్రమున రోడ్డు నియమములు సడలవు. సీటు బెల్టు, వేగము, సిగ్నలు అందరికి సమానమే. 2017 మే 1 నుండి అధికారుల బండ్ల మీద ఎర్రదీపములు కూడ తొలగింపబడినవి. చార్మినారు చుట్టు కాలినడక వారికి విడిచిన చోట ఏ బోర్డు చూపినను దారి లేదు. బండిని దూరమున ఆపి నడచి పోవలసినదే. స్టీరింగును లైసెన్సు లేనివారికి గాని, స్నేహితులకు గాని ఇవ్వరాదు.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో నున్నపుడు ప్రభుత్వ వాహనములను ప్రచారమునకు వాడరాదు. ఎన్నికల విధికి వాహనము కావలసినచో అధికారులు వ్రాతపూర్వక ఉత్తర్వు ఇత్తురు. నోటిమాట మీద బండి పంపరాదు.

పాత జీపును వేలములో కొందమని చూచు రైతులు ఒక సంగతి తెలిసికొనవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వముల, స్వయంప్రతిపత్తి సంస్థల వాహనములకు 15 ఏండ్లు నిండిన తరువాత రిజిస్ట్రేషను చెల్లదు. అట్టివానిని నమోదైన తుక్కు కేంద్రమునకే అప్పగింపవలెను. "చవుకగా సర్కారు జీపు" అని ఎవరైన చూపినచో ముందు రిజిస్ట్రేషను తేదీ చూడుడు.

మీరు చేయవలసినది

1. వాహనము మీ ఊరికి వచ్చినపుడు, వచ్చిన పని జరిగిన తరువాతనే సందర్శన పత్రము మీద సంతకము చేయుడు. జరుగని సందర్శనకు సంతకము అడిగినచో మర్యాదగా కాదనుడు.

2. ఊరివారి సొంత పనులకు బండి ఇమ్మని ఉద్యోగులను మొగమాట పెట్టకుడు. ఒకరి మొగమాటము మరొకరి ఉద్యోగమునకు ముప్పు తెచ్చును.

3. దుర్వినియోగము కనబడినచో తేదీ, వేళ, చోటు, బండి నంబరు వ్రాసి సంస్థ అధికారికి పంపుడు. వదంతులు వ్రాయకుడు.

4. లాగ్ పుస్తకము ప్రజా రికార్డు. 2005 సమాచార హక్కు చట్టము క్రింద దానిని చూచుటకు, నకలు పొందుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. మామూలుగా 30 దినములలో సమాధానమివ్వవలెను.

5. నిజాయితీగా నడుచు డ్రైవరును, ఉద్యోగిని మెచ్చుకొనుడు. మీ టమాట డబ్బాలు వద్దన్న డ్రైవరు మీ మేలు కోరినవాడే.

విశ్వవిద్యాలయపు జీపు మన ఉమ్మడి చెరువు వంటిది. ఎవరి వంతు నీరు వారు తీసికొని, తూము లెక్క సరిగా వ్రాసినంతకాలము అందరి మడులు పండును. మరల మీ ఊరికి ఆ జీపు వచ్చినపుడు సీటు ప్రక్కనున్న పుస్తకమును ఒకసారి చూడుడు. నాటి వరుస వ్రాయబడి, సంతకమైయున్నచో ఆ బండి సరియైన దారినే వచ్చినదని నమ్మవచ్చును.